షామీర్‌పేటలో నలభై నిమిషాలు: ఒక బర్రె, ఒక స్పంజిక

పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరగలిగే చోట్ల గురించి ఈ బ్లాగులో రాస్తుంటాను కదా, షామీర్‌పేట గురించి రాయమని చాలామంది అడుగుతూ వచ్చారు. సికింద్రాబాద్‌కు గంట దూరంలో ఉన్న ఊరికి వెళ్ళడానికి నాకు ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో చెప్పాలంటే, ముందు ఒక వెకిలి జోకు గురించి చెప్పాలి. పోయిన నెల మా మేడ్చల్ బడి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో మహబూబీని చేర్చారు. తొమ్మిదో తరగతి తర్వాత మాలో ఎవరికీ కనబడని మనిషి. అందరూ పూలూ దండాలూ పెడుతుంటే ఒకడు రాశాడు: "స్పంజిక దొంగ వచ్చింది. అందరూ తాళాలు జాగ్రత్త." పదిహేను మంది పడీపడీ నవ్వే బొమ్మలు పెట్టారు. మహబూబీ కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టింది. మా సైన్స్ గది బీరువాలో ఉండే ఆ స్పంజికను, అంటే సముద్రపు స్పాంజిని, తీసింది నేను. ఆ మాట టైపు చేశాను, చెరిపేశాను, మళ్ళీ టైపు చేశాను. చివరికి నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ తర్వాత నా మీద నాకే రోత పుట్టింది.

రెండు రోజులు తటపటాయించి మహబూబీకి ఫోన్ చేశాను. షామీర్‌పేట చెరువు దగ్గర్లోనే ఉంటున్నానని, ఆదివారం రమ్మని చెప్పింది. "మూడింటి లోపట్నే రా శారదా. నాలుగైతే పాలు తియ్యాలె, ఇగ మాట్లాడనీకి కుదరదు" అంది. ముప్పై నాలుగేళ్ళ తర్వాత కూడా గొంతు గుర్తుపట్టగలిగాను. తొమ్మిదో తరగతితో తను బడి మానేసింది నావల్లేనా, కాదా? ఈ ఒక్క ముక్క అడగడానికి బయలుదేరాను. చెరువు, జింకల పార్కు అనేవి మీకోసం, ఇంకా నిజం చెప్పాలంటే నా పిరికితనం కోసం పెట్టుకున్నవి.

దగ్గరి దారి పట్టకుండా మేడ్చల్ మీదుగా వెళ్ళాను. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎనిమిది దాటాక ఎంఎంటీఎస్ రైలు ఎక్కాను. టికెట్ ఒక టీ ఖరీదు. బొల్లారం దాటేదాకా నిలబడే ఉన్నాను, తర్వాత కిటికీ పక్కన సీటు దొరికింది. మా ఊరు గౌడవెల్లి స్టేషన్‌లో రైలు అర నిమిషం ఆగింది. దిగలేదు. మా బాపు కోళ్ళఫారాల ఈకల దుమ్ములో సైకిల్ తొక్కుకుంటూ ఫ్యాక్టరీకి వెళ్ళిన మట్టి దారి ఎక్కడుండేదో వెతికాను. ప్లాస్టిక్ గొట్టాల గోదాము ఒకటి అడ్డం వచ్చింది. మహబూబీ వాళ్ళ ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేది. వాళ్ళకు రెండు బర్రెలు, అందులో పెద్దది సోనా. వాళ్ళ నాన్న పొద్దున్నే పాలు పోసి వచ్చాక, మేమిద్దరం వాళ్ళింట్లో చాయ్ తాగి మేడ్చల్ బడికి నడిచేవాళ్ళం. ఆ చాయ్ రుచి మళ్ళీ ఎక్కడా దొరకలేదు. దొరకదని తెలిసీ ప్రతి ఊళ్ళో వెతుకుతుంటాను.

మేడ్చల్‌లో దిగి బస్టాండు దగ్గర పూరీ తిన్నాను. వేడిగా ఉంది, ఆలూ కూర మాత్రం పలచన. అక్కడి నుంచి మా బడికి పది నిమిషాల నడక. ఆదివారం కాబట్టి గేటుకు తాళం వేసి ఉంది, సందులోంచి చూశాను. పెంకుల గదులు పోయి రెండంతస్తుల భవనం వచ్చింది. సైన్స్ గది ఉండే మూలన ఇప్పుడు నీళ్ళ ట్యాంకు ఉంది. ఆ గదిలో సుగుణ టీచర్ మాకు జీవశాస్త్రం చెప్పేది. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పే గొంతు కావడంతో ఆమె కేక వేస్తే పక్క తరగతి వాళ్ళు కూడా నోట్సు తెరిచేవాళ్ళు. ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఇద్దరిద్దరికి రెండు జీవులు ఇచ్చి, పేజీ మధ్యలో గీత కొట్టించి, పోల్చి రాయమనేది. కళ్ళతో చూసిందే రాయాలి, పుస్తకంలో ఉన్నది ఎత్తి రాస్తే కొట్టేసేది. నాకూ మహబూబీకీ వచ్చింది, నేల మీద తిరిగే పెద్ద జంతువు ఒకటి, సముద్రంలోని అతి సాదా జీవి ఒకటి. బర్రె, స్పంజిక.

బర్రె సంగతి మహబూబీ చూసుకుంది. బరువెంత, ఎన్ని పళ్ళు, కోపమొస్తే పాలు చేపకుండా ఎలా ఎగబెడుతుంది, ఎవరి అడుగుల చప్పుడుకు చెవులు తిప్పుతుంది, అన్నీ రాసింది. కడుపులో నాలుగు అరలుంటాయని రాస్తే టీచర్ పట్టుకుంది. "ఇది నువ్వు చూశావా?" అని అడిగింది. "మా మామ దుకాణంల జూసిన టీచర్. కోసినప్పుడు నేనే కడిగిన" అంది మహబూబీ. ఆ కసాయి మామ పుణ్యాన ఆ నాలుగు అరలూ నిలిచాయి. స్పంజిక వైపు మాత్రం ఖాళీ. తల లేదు, నోరు లేదు, గుండె లేదు, రక్తం లేదు, పుట్టి కుదురుకున్న చోటు నుంచి కదలదు. ఒంటినిండా చిల్లులు, ఆ చిల్లుల్లోంచి సముద్రపు నీళ్ళు వచ్చి పోతుంటే అందులో దొరికింది తిని బతుకుతుంది. "గిది జంతువంటె ఎట్ల నమ్మాలె టీచర్?" అని మహబూబీ నిలదీసింది. "అది దానికి చాలు కాబట్టి బతికింది, నువ్వు నమ్మడం దానికి అక్కర్లేదు" అంది టీచర్. క్లాసంతా నవ్వింది. మాలో ఒక్కరు కూడా సముద్రం చూడలేదు. మాకు తెలిసిన సముద్రమంతా గాజు తలుపుల బీరువాలో, పిడికెడు గోధుమరంగు ఎండు ముద్దగా ఉండేది. ఓడలో పనిచేసే టీచర్ తమ్ముడు తెచ్చిచ్చిన స్పంజిక అది. ఆ బీరువా తాళం చెవి మహబూబీ దగ్గర ఉండేది. తరగతిలో అంతకు మించిన పదవి లేదు.

చూసిందే రాయాలన్నారు కదా, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు బుద్ధి పుట్టింది. శనివారం మహబూబీ బీరువాకు ఇంకా తాళం వేయకుండా కిటికీలు మూస్తుండగా స్పంజికను నా సంచిలో వేసుకున్నాను. ఆదివారం వాళ్ళ కొట్టంలో తీసి చూపిస్తే ఆమె ముఖం పాలిపోయింది. "రేపు పొద్దున్నే పెట్టేద్దాం" అని ఒప్పించాను. సోనా కాళ్ళ దగ్గర పెట్టి కొలతలు రాసుకున్నాం, వాసన చూశాం, నీళ్ళలో ముంచితే ఎన్ని గ్లాసులు పీలుస్తుందో లెక్క కట్టాం. తర్వాత లోపలికి చాయ్‌కి వెళ్ళాం. అంతలో మహబూబీ వాళ్ళ అమ్మీ బర్రెల్ని కడగడానికి వచ్చింది. గోడ మీద మెత్తగా తడిసి ఉన్న దాన్ని చూసి మంచి బీరకాయ పీచు అనుకుంది. దాంతో సోనాను మెడ నుంచి తోక దాకా రుద్దింది. రుద్ది, కుడితి తొట్టి అంచు మీద పెట్టి పక్క బర్రె దగ్గరికి వెళ్ళింది. మేము చాయ్ గ్లాసులతో బయటికి వచ్చేసరికి కుడితి పీల్చిన స్పంజిక సోనా నోట్లో సగం ఉంది. రెండో సగం మా కళ్ళముందే పోయింది. పోల్చమన్న రెండింటిలో ఒకదాన్ని రెండోది తినేసింది.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం ఇద్దరం గడగడలాడిపోయాం. సోనా రెండు రోజులు నెమరు వేయలేదు, మూడో రోజుకు కుదుటపడింది. సోమవారం టీచర్ బీరువా తెరిచింది. ఖాళీ చోటు చూసి, తాళం చెవి ఎవరి దగ్గరుందని అడిగింది. మహబూబీ లేచి నిలబడింది. నా వైపు ఒక్కసారి చూసింది. నోరు లేని జీవి గురించి నిన్ననే పేజీ నిండా రాసినదాన్ని, నా నోరు కూడా పెగల్లేదు. "నా తానే ఉండె టీచర్. పోయింది" అంది మహబూబీ. టీచర్ చేయి చాపి తాళం చెవి తీసుకుంది. గురువారం నన్ను పిలిచి, ఆ తాళం చెవి నాకు ఇచ్చింది. తీసుకున్నాను. ఏడాదంతా ఎర్ర రిబ్బనుకు కట్టి మెళ్ళో వేసుకుని తిరిగాను. ఎండాకాలం సెలవుల తర్వాత బడి తెరిస్తే మహబూబీ రాలేదు. అదే ఏడు బాపుకు సికింద్రాబాద్‌లో పని దొరికి మేము ఇల్లు మారాం. అడగాల్సిన మాట అలాగే ఉండిపోయింది.

మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు షేర్ ఆటోలు ఉంటాయి. మనిషికి యాభై తీసుకున్నాడు, అరగంట పైనే పట్టింది. దారి పొడుగునా ప్లాట్ల బోర్డులే. ఈ వైపు బర్రెలు ఇంకా ఎవరైనా పెంచుతున్నారా అని డ్రైవర్‌ను అడిగాను. "బర్లా? ఏడున్నయమ్మా. గడ్డి ఉన్నకాడల్లా ప్లాట్లకు రాతి కడీలు పాతిండ్రు. ఒక్కలో ఇద్దరో ఉన్నరు, మొండోళ్ళు" అన్నాడు. ఆ మొండివాళ్ళలో ఒకరి ఇంటికే వెళ్తున్నానని చెప్పలేదు. చెరువు దగ్గర దిగేసరికి పదకొండున్నర. మహబూబీ ఇల్లు అక్కడికి పదిహేను నిమిషాల నడక. నేరుగా వెళ్ళొచ్చు. వెళ్ళలేదు.

ముందు చెరువు చూశాను. కట్ట మీద గాలి బాగుంటుంది, నీళ్ళు నిండుగా ఉన్నాయి, కొంగలు ఉన్నాయి. నీడ మాత్రం తక్కువ, గొడుగు తెచ్చుకోండి. తర్వాత జింకల పార్కుకు వెళ్ళాను. టికెట్ చిన్నదే, జింకలు మాత్రం ఎండకు పొదల్లో దూరాయి, రెండు గంటల్లో నాకు కనబడినవి ఐదు తోకలు. నెమళ్ళ అరుపులు వినిపించాయి. పిల్లలతో వెళ్తే పొద్దున తొమ్మిదికే వెళ్ళండి. బయటికి వచ్చి రోడ్డు పక్కన చేపలు వేయిస్తున్న బండి దగ్గర కూర్చున్నాను. వేయిస్తున్న ఆమెను ఇది చెరువు చేపేనా అని అడిగాను. "చెరువుదని చెప్తె జల్దీ అమ్ముడుపోతది మేడమ్. పొద్దున మార్కెట్ల నుంచి తెచ్చిన. అబద్ధమెందుకు చెప్పాలె" అంది. ఆమె నా ముఖం వైపు చూడకుండానే చేప తిరగేసింది. నేను పళ్ళెం వైపే చూస్తూ తిన్నాను. చేప నిజానికి చాలా బాగుంది, కారం సరిగ్గా పట్టింది, తప్పకుండా తినండి. టైమ్ చూస్తే మూడు దాటింది.

మహబూబీ ఇల్లు చేరేసరికి మూడూ ఇరవై. రెండు అపార్టుమెంట్ల మధ్య రేకుల కొట్టం, అందులో ఆరు బర్రెలు, ముందు వేపచెట్టు కింద నులక మంచం. సన్నబడింది, తల సగం నెరిసింది, ముక్కుపుడక మాత్రం అదే. "ఏందే, గింత లేటు జేసినవ్? జింకలను జూడనీకి వచ్చినవా, నన్ను జూడనీకా?" అంది. చాయ్ పెట్టుకొచ్చి ఇచ్చింది. ఒక్క గుక్కకే గుర్తుపట్టాను. నేను ఊరూరా వెతికిన చాయ్ అది. కళ్ళు చెమర్చాయి. పొగ వచ్చిందా అని అడిగింది, అవునన్నాను. పిల్లల ముచ్చట్లు, మోకాళ్ళ నొప్పుల ముచ్చట్లు అయ్యేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. ఇక దాటేస్తే కుదరదని అడిగేశాను. "మహబూబీ, బడెందుకు మానేసినవే? ఆ తాళం చెవి గుంజుకున్నందుకేనా?"

ఆమె నవ్వింది. "గా ముచ్చట మనసుల పెట్టుకొని పరేషాన్ అయితున్నవా ఇన్నేండ్లు? మా అబ్బాకు కాలు ఇరిగింది ఆ ఎండాకాలం. బర్లకు గడ్డి కోసేటోళ్ళు లేకుండె. నేను మానేసిన. నీకు తెల్వదా?" తెలియదు. నిజంగా తెలియదు. నాలుగిళ్ళ అవతల ఉండి కూడా, ఆమె కళ్ళలోకి చూడలేక ఆ ఎండాకాలమంతా అటు వెళ్ళడమే మానేశాను. ఇన్నేళ్ళు మోసిన బరువు ఒక్కసారిగా దిగింది. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. చాయ్ గ్లాసు కింద పెట్టి, "నేనే తీసిన మహబూబీ, నేనే చెప్పాల్సుండె" అన్నాను.

"నాకెందుకు చెప్తున్నవ్? నేనాడనే ఉంటి గద" అంది. గడ్డి కట్ట విప్పుతూ, మామూలు సంగతి చెప్తున్నట్టే చెప్పింది. "టీచర్‌కు గూడ ఎరికే. మా అమ్మీ మంగళారం నాడే పోయి చెప్పొచ్చింది. మా పిల్ల దొంగ గాదు, ఆ పిల్ల తెచ్చింది, మా బర్రె తిన్నది అని. టీచర్ నాకు తాళం చెవి మళ్ళ ఇస్తనన్నది. నేనే ఒద్దన్న. శారదకియ్యి టీచర్, చేతిల తాళం చెవి ఉంటే అదే వచ్చి చెప్తది అన్న. ఇద్దరం సూసినం. సెలవులిచ్చే దాక సూసినం."

బర్రెలు గడ్డి కోసం మెడలు సాచాయి. ఏడాదంతా నేను మెళ్ళో వేసుకుని ఊరేగింది పదవి అనుకున్నాను. వాళ్ళిద్దరూ నా మీద పెట్టుకున్న నమ్మకం అది. రోజూ పొద్దున బీరువా తెరిచి, టీచర్ ముందే దుమ్ము తుడిచి, ఆ ఖాళీ చోటు పక్క నుంచే చేయి పోనిచ్చి, సాయంత్రం తాళం వేసి వెళ్ళేదాన్ని. ఆమె రోజూ చూస్తూ కూర్చునేది. ఒక్కసారి కూడా అడగలేదు. ఇన్నేళ్ళు నేను బాధపడింది చేయని తప్పుకు. చేసిన తప్పు ఏమిటో నాకు ఇప్పుడే తెలిసింది.

టీచర్ ఎక్కడుంటున్నారు, ఇప్పుడే వెళ్తాను అన్నాను. మహబూబీ గడ్డి వేయడం ఆపింది. "పోయి రెండేండ్లయితాంది శారదా. మట్టికి నేను పోయిన, మేడ్చల్ చర్చి కాడ. సూరారంల బిడ్డ కాడ ఉంటుండె ఆఖరుకు. అప్పుడప్పుడు పాలు పట్టుకొని పోతుంటి. పోయినప్పుడల్లా అడిగేది, ఆ పిల్ల చెప్పిందా అని." నువ్వేమనేదానివి అని అడిగాను. "చెప్తది టీచర్ అని చెప్పేదాన్ని. ఇంకేమంట?" అంది.

నాలుగైంది. ఆమె బకెట్ కడిగి లేచింది. పాలు తీసేటప్పుడు కొత్త మనిషి దగ్గరుంటే బర్రె ఎగబెడుతుందని నాకు తెలుసు, ఆ సంగతి తొమ్మిదో తరగతిలో ఈమె రాసిందే. నేను గేటు బయటికి వచ్చాను. చెప్పుకోవాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. నలభై నిమిషాలే మిగుల్చుకున్నది నేనే. సందు మలుపు దాకా వెళ్ళి వెనక్కి చూస్తే, ఆమె బర్రె పొదుగు దగ్గర కూర్చుని ఉంది, నా వైపు చూడలేదు. పని మీద ఉంది.

షామీర్‌పేట నుంచి జూబ్లీ బస్టాండుకు బస్సులకు కొదవ లేదు. ఐదింటికి ఎక్కాను. ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. సీటు దొరికాక ఫోన్ తీసి గ్రూపులో రాశాను: "స్పంజికను బీరువాలోంచి తీసింది నేను, శారదను. మహబూబీకి తెలియకుండా తీశాను. ఆమె నా మీద చెప్పలేదు. ఆ తర్వాత ఏడాదంతా తాళం చెవి నా దగ్గర ఉన్నా నేను చెప్పలేదు." ఈసారి చెరపలేదు. బొమ్మలేవీ రాలేదు. జోకు వేసినవాడు చాలాసేపటికి "సారీ మహబూబీ" అని రాశాడు. అల్వాల్ దాటుతుండగా మహబూబీ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల పాల క్యాన్ల చప్పుడు వినబడుతోంది. "సదివిన శారదా. మంచిగ రాసినవ్. టీచర్ గూడ ఈ గ్రూపుల ఉంటే మంచిగుండు" అంది. రెండోసారి వినలేకపోయాను.

సరైన సమయం కోసం ఎదురుచూస్తున్నానని ముప్పై నాలుగేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అసలు ఎదురుచూసింది వాళ్ళిద్దరు. వాళ్ళలో ఒకరికి నేను అందాను, నలభై నిమిషాల పాటు. రెండోవారికి అందలేదు, ఇక అందను. ఈ పోస్టు ఎవరి కోసం రాస్తున్నానో, ఆమె దీన్ని చదవలేదు. ఇంత ఆలస్యంగా చెప్పిన నిజానికి విలువ ఎంత అని నన్ను అడగకండి, నాకు తెలియదు. చెప్పకుండా ఉంటే మాత్రం మళ్ళీ అద్దంలో ముఖం చూసుకోలేకపోయేదాన్ని. మహబూబీ మళ్ళీ రమ్మంది. వచ్చే ఆదివారం వెళ్తున్నాను, ఈసారి మేడ్చల్ మీదుగా కాదు.

షామీర్‌పేట వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సూచన. అక్కడ మీకు తెలిసినవాళ్ళు ఉండి, వాళ్ళింట్లో పాడి ఉంటే, ముందు వాళ్ళింటికి వెళ్ళండి. సాయంత్రం నాలుగు దాటితే వాళ్ళకు తీరిక ఉండదు. చెరువు తర్వాత చూడొచ్చు.